చెవులు మడతపడే రోజు

నవంబర్ 4, సోమవారం

నాయన ఆ పొద్దు సామను మామ ఇంటికి తోలకపోకుండా ఊత్తుకోట పొయ్యే వడ్ల లారీ ఎందుకు ఎక్కించినాడు?

నేనప్పుడు మూడో తరగతి. సత్యవేడు రోడ్డు మీద నిలబడి చూసినాను. అడిగితే "దానికి కడుపులో బాగలేదు, అరవ డాక్టరుకు చూపించల్ల" అన్నాడు. ఆ పొద్దు పొద్దున్నే సామ ఇంతేసి సంగటి ముద్ద తినింది. కడుపులో బాగలేని కుక్క సంగటి తింటుందా? అప్పటినుంచీ ఇది అడుగుతూనే ఉన్నాను. నాయనను కాదు, నన్ను నేను. ఇప్పుడు అడుగుదామన్నా నాయన లేడు.

ఇయ్యాల గుర్తు రావడానికి కారణం ఉంది. రేపు మామ కొడుకు ధనంజయ బావ సజ్జను తీసుకుపోవడానికి వస్తున్నాడు. సజ్జ ఎదకొచ్చింది.

ఆడవి మా ఇంట్లో, మగవి మామ ఇంట్లో. కోన జాగిలాలకు మా రెండిళ్ల వాళ్లు ఎప్పుడో పెట్టుకున్న కట్టుబాటు. ఎదకొచ్చిన ఆడదాన్ని మగదాని ఇంటికి పంపాలి, వెనక పోకూడదు. "బిడ్డను కాపరానికి పంపి తలుపు సందులో తొంగి చూస్తారా ఎవురన్నా?" అనేవాడు నాయన. పిల్లలు పెట్టేది మాత్రం మా ఇంట్లోనే. మగపిల్లలు మామ ఇంటికి పోతాయి, ఆడపిల్ల నిలుస్తుంది. దాని చెవులు వెనక్కి మడతపడిన రోజు ఇంటి ఆడమనిషి పేరు పెట్టి పిలవాలి. గింజల పేర్లే. అరిక, సామ, ఊద, రాగి, కొర్ర, సజ్జ. ఈసారి వరిగ. సజ్జకు పేరు పెట్టిన రోజునుంచే ఆ పేరు నోట్లో దాచుకొని తిరుగుతున్నాను.

వేట పోయినాక వీటితో ఎవరికి పని? చుట్టుపక్కల ఊళ్లలో ఒక్కొక్కటే నాటుకుక్కల్లో కలిసిపోయినాయి. నాకు తెలిసి మిగిలింది రెండే. ఇక్కడ సజ్జ, సూళ్లూరుపేట దగ్గర బావ ఇంట్లో బల్లెం.

పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని. పోయి పక్కనే నిలబడి చూసుకోవచ్చు, రాసుకోవచ్చు. పోను. నాయన మాట ఒక్కటైనా నిలబెట్టాలని.

నవంబర్ 5

బావ వచ్చినాడు. గుమ్మంలోంచే మొదలు.

"ఏం లోకేశ్వరీ, బిడ్డను పంపిస్తా ఉండావు, చీరా రైకా పెట్టలేదా?"

"మీ ఇంటికొచ్చేదానికి మీరే పెట్టల్ల బావా. మా ఇంటి ఆడోళ్లు ఉత్త చేతుల్తోనే వస్తారు."

"అందుకేనా నువ్వు రాకుండా పోయినావు?"

నవ్వినాను. ఎమ్మెస్సీ సీటు వచ్చిన ఏడు మామ నన్ను అడిగిన మాట ఇద్దరికీ తెలిసిందే. ఇన్నేళ్లయినా ఆ మాట మీద నవ్వుకోవడం మాకు అలవాటు. ఆయన భార్య పంకజాక్షి అక్క ముందర కూడా అంటాడు, ఆమె కూడా నవ్వుతుంది.

"బల్లెం ఎట్లుండాడు?"

"వానికేమే, రాజా." సజ్జ మెడకు తాడు ముడేస్తా అన్నాడు.

సజ్జ బావ చేతివైపు చూడలేదు. ఏ జాగిలమూ చూడదు ఆ చేతివైపు అనిపిస్తుంది నాకు. బావ చిన్నప్పుడు అరికతో ఆడుకుంటా ఎముక విసిరినట్టు చెయ్యి ఊపి, విసరలేదు. వేరే కుక్కయితే వందసార్లు పరిగెత్తుతుంది. అరిక ఒక్కసారి పోయింది, వెతికింది, తిరిగి చూసింది. అంతే. మళ్లా బావ నిజంగా ఎముక వేసినా ముట్టలేదు, చచ్చేదాకా. "కుక్క కాదబ్బా ఇది, మా అత్త!" అని ఏడ్చినాడు బావ. అత్తంటే మా అమ్మే.

కొడితే ఓర్చుకుంటాయి ఇవి. మోసం చేస్తే ఓర్చుకోవు.

నవంబర్ 15

సజ్జ మొరగదు. అయినా లేనప్పుడు ఇంట్లో శబ్దం తగ్గినట్టే ఉంది.

నవంబర్ 24, ఆదివారం

వచ్చేసింది. బావ కాఫీ కూడా తాగకుండా పోయినాడు, షిఫ్టుంది అని. నాయుడుపేట ఫ్యాక్టరీలో ఆదివారం కూడా షిఫ్టా? ఉంటుందేమో.

మెడమీద పంటిగాటు ఉంది, లోతుగా. బల్లెం అట్లా కొరకడే. ఏమో, వయసు మీద ఉన్నాడు.

పసుపు పెట్టినాను. కళ్లు మూసుకొని పెట్టించుకునింది.

జనవరి 11

నాలుగు! మూడు మగ, ఒకటి ఆడ. ఆడది అచ్చం తల్లి రంగు, సజ్జకంకి మీద మంచు పడినట్టు.

నాయనా, చూడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

నాటు కుక్కజాతుల్ని నమోదు చేసే వాళ్లకు పంపాలని కోన జాగిలం గురించి రాయడానికి కూర్చున్నాను. ఎండాకాలం పోయినాక వచ్చి చూస్తామన్నారు. వాళ్లు ఒప్పుకుంటే జాతికి ఒక పేరు, ఒక చోటు ఉంటుంది. నా తర్వాత కూడా ఎవరైనా పట్టించుకుంటారు.

పుట్టుపూర్వం రాయడమే కష్టం. దొరల కాలంలో కోనల్లో కుందేళ్ల వేటకు, అడవిపందుల వేటకు పెంచినారని నాయన చెప్పిందే. కాగితం మీద ఆధారం లేదు. 'చెప్పుకుంటారు' అని రాసినాను. నాకు ఆ మాట నచ్చదు, కానీ నిజం అంతే.

రూపం సులభం. రోలు పట్టేంత ఎద, చేత్తో చుట్టేంత నడుము. తలమీద ఎముక సన్నగా ముందుకు సాగి ఉంటుంది. వెంట్రుక ఎంత పొట్టి అంటే ఎండలో నిలబడితే తొడ నరాలు కనిపిస్తాయి. కాటుక పెట్టినట్టు కళ్ల అంచులు. తోక చివర కొడవలి వంపు. చెవులు పుట్టినప్పుడు వేలాడతాయి, రెండో నెల నిండేసరికి తమలపాకు మడిచినట్టు వెనక్కి పడతాయి. అదే గుర్తు.

పక్కింటి గంగులమ్మ ఇయ్యాల గూడా అడిగింది గోడ మీదినుంచి. "ఏమ్మా, కాలేజోళ్లు జీతం ఇయ్యలేదా? కుక్కను ఎండబెట్టినావే?"

"అది దాని ఒళ్లు గంగులమ్మా, అంతే ఉంటుంది."

"నా ఒళ్లు అట్లుంటే మా ఆయన పోయిండేవాడు కాదు" అని తనే నవ్వుకుంటా లోపలికి పోయింది.

గుణం దగ్గర ఆగిపోయినాను. రెండోసారి పిలిస్తే రాదు. మొరగదు. వాసన మీద కాదు, చూపు మీద పోతుంది. చూపుకు అందనిదాన్ని నమ్మదు. ఒక్క ఇల్లే. ఇవి రాస్తే కుక్క గురించి రాసినట్టు లేదు, మా ఇంటి మనుషుల గురించి చాడీలు చెప్పినట్టుంది.

ఇంకో మాట కూడా రాసినాను. ఇంత చిన్న గుంపు, రెండిళ్ల మధ్యనే ఇన్ని తరాలు కలిసినా కుంటిది పుట్టలేదు, గుడ్డిది పుట్టలేదు. జాతి బలం అని రాసినాను. క్లాసులో దీనికి పూర్తిగా వ్యతిరేకం చెప్తాను.

మార్చి 23

ఆడపిల్ల చెవులు ఇంకా మడతపడలేదు.

ఏప్రిల్ 2

పడలేదు. చలికాలం పుట్టినవి కదా, ఆలస్యమవుతుంది.

చలికాలం పుట్టినవాటికి ఆలస్యమని నాకు ఎవరు చెప్పినారు? ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్ 6

పడలేదు. ఎద కూడా వెడల్పవుతోంది. తల్లి పాలు ఎక్కువ తాగినందుకేమో.

ఏప్రిల్ 13, ఆదివారం

మగపిల్లల్ని దింపడానికి సూళ్లూరుపేట పోయినాను. కారు వెనక సీటంతా కొరికినాయి. బావ లేడు, డ్యూటీ. పంకజాక్షి అక్క మూడింటినీ ఒళ్లో పోసుకొని ముద్దులాడింది. నేను వాకిట్లో నిలబడి బల్లెం వస్తాడేమోనని చూస్తున్నాను. నేను పోతే పిలవకుండానే వచ్చి మోకాలికి తల ఆనించి నిలబడేవాడు.

అక్క మిద్దెవైపు చూసి, "రాకెట్టు పొయినప్పుడంతా ఇంకా పైకి చూస్తా లోకేశ్వరీ" అనింది. "ఊళ్లో కుక్కలన్నీ గోలపెట్టి అరస్తాయి, మా వోడొక్కడే పిట్టగోడ కాడ నిలబడి, ఆ పొగ కనపడనంత దూరం పొయ్యేదాకా చూస్తా ఉండేవాడు. మొన్న గూడా చూసినా. ఖాళీ పిట్టగోడ."

"బల్లెం యాడక్కా?"

అక్క నా మొహం చూసింది. పిల్లను కింద దించింది.

"మీ బావ చెప్పలేదా?"

"ఎప్పుడు?"

"వినాయక చవితి అయినాక. శెనక్కాయ చేలో కాయ ఊరతా ఉండింది. పందులకని ఎవురో తీగ కట్టి కరెంటు ఇడిసినారు. అక్కడికక్కడే. ఆయన మూడు దినాలు కూడు ముట్టలా. నీకు చెప్పినానన్నాడే, ఏడ్సినావన్నాడే..."

"బల్లెం చేలోకి ఎందుకు పోయినాడు?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. ఇంక అడగలేదు. నాయన చితి కాడ, ఇంక వేటకు పోను మామా అని బావ ఏడ్చింది అక్క కూడా వినింది కదా.

వినాయక చవితి సెప్టెంబర్‌లో. సజ్జను పంపింది నవంబర్‌లో.

కారు నడుపుతా ఇదొక్కటే వల్లె వేసుకుంటా వచ్చినాను, శ్రీకాళహస్తి దాటేదాకా. లెక్క తప్పేమో, ఆ చవితి వేరే ఏడుదేమోనని.

ఏప్రిల్ 14

నవంబర్‌లో రాసింది తీసి చదివినాను. 'బల్లెం అట్లా కొరకడే.' నా చేత్తోనే రాసినాను.

ఏప్రిల్ 16

బావ వచ్చినాడు. అక్క చెప్పుంటుంది. చెప్పులు విడిచి, బయటే మెట్ల మీద కూర్చున్నాడు, చుట్టం మాదిరి కాదు, ఎవరో పనికోసం వచ్చినాయన మాదిరి. సజ్జ లేచి లోపలికి పోయింది. పేరు లేని పిల్ల మాత్రం ఎగిరి ఆయన మీద పడింది.

"మగది ఎవురిది?" అని అడిగినాను.

"గుమ్మిడిపూండి అవతల ఒకాయన కాడ ఉండాది. అరవనాటి వేటకుక్క. మంచిదే. నడుము, ఎద, అంతా మన రకమే. దూరంనుంచి నువ్వు గూడా కనుక్కోలేవు."

"చెవులు?"

పిల్ల చెవిని రెండు వేళ్లతో వెనక్కి మడిచి విడిచిపెట్టినాడు.

"వేటకు పోయినావు" అన్నాను.

"ఒక్కనాడే. పందులు చేనంతా తవ్వేస్తా ఉంటే ఊళ్లో వాళ్లు వచ్చి అడిగినారు. బల్లేన్ని చూస్తే... వాడు పుట్టిందే దానికి లోకేశ్వరీ. నాలుగేండ్లు పిట్టగోడ కాడ నిలబడి రాకెట్లు చూసినాడు పాపం. ఒక్కనాడు పరిగెత్తనీ అనుకున్నా."

"బల్లెం పోయినాడని చెప్పుండొచ్చు."

"నీ మొగం చూసి చెప్పలేకపోయినా."

"ఆ మొగం ముందరే రాజా మాదిరి ఉండాడని చెప్పినావు."

"చెప్తే పంపిస్తావా దాన్ని? సజ్జకు ఐదేండ్లు దాటతా ఉండాది. ఇంకొక ఎద తప్పితే అంతే గదా! నువ్వు లెక్చరిస్తావు, ఏడస్తావు, ఇంక జాతి అయిపోయింది అంటావు. నేను పిల్లల్ని తెచ్చిచ్చినా. నీకు కావాల్సింది అదే గదా?"

"నాకు కావాల్సింది నువ్వు తేల్చేస్తావా?"

అప్పుడు అన్నాడు. కోపంలోనే అన్నాడు, అనేసినాక తలకాయ దించుకున్నాడు.

"మీ నాయన సామను యాడికి తోలకపోయినాడో నీకు చెప్పినాడా?"

"డాక్టరు కాడికి" అన్నాను.

"ఆ ఏడు మా ఇంట్లో మగదాన్ని పిచ్చికుక్క కరిచింది. కొట్టి చంపల్సొచ్చింది. ఇంకొక మగది యాడా లేదు. మీ నాయనా మా నాయనా ఇద్దరే మాట్లాడుకొని ఊత్తుకోట అవతలికి తోలకపోయినారు. మా నాయన సచ్చిపొయ్యే ముందర నాతో చెప్పినాడు. ఊద యాడిదనుకుంటా ఉండావు? రాగి? కొర్ర? నీ సజ్జ? నేను చేసింది కొత్తది గాదు."

"అబద్ధం."

"సరే. అబద్ధమే అనుకో."

కాఫీ ఇవ్వలేదు. పొమ్మని కూడా అనలేదు, తలుపు వేసుకున్నాను. కాసేపటికి చెప్పుల శబ్దం, ఆ పిల్లకు ఏదో చెప్తా ఉన్న గొంతు. తర్వాత తలుపు లోపలికి వినపడేటట్టు అన్నాడు. "దానికి పేరు పెట్టు లోకేశ్వరీ. అది ఏం తప్పు చేసింది?"

మే 4

సంగటి తినింది సామ. కడుపులో బాగలేని కుక్క కాదు. నాకు అప్పుడే తెలుసు.

మే 19

బావ అబద్ధం చెప్పి ఉండొచ్చు. తన తప్పు చిన్నది చేసుకోవడానికి చచ్చిపోయినవాళ్ల మీద వేసి ఉండొచ్చు. నిన్నంతా ఇదే నమ్మినాను, హాయిగా ఉండింది.

నాతో చదివిన రవిచంద్ర ఇప్పుడు పశువైద్య కళాశాలలో ఉన్నాడు. సజ్జ నోటి తడి దూదితో తీసిస్తే అరవనాటి కుక్కల రక్తం ఎంత ఉందో చూసి చెప్తాడు. ఫోను చేతిలోకి తీసుకొని మళ్లా పెట్టేసినాను. ఒకసారి తెలిసినాక తెలియనట్టు ఉండలేను కదా. ఇది ఒక విజ్ఞానశాస్త్రం టీచరు రాయాల్సిన వాక్యమేనా?

'కుంటిది పుట్టలేదు, గుడ్డిది పుట్టలేదు.' జాతి బలం కాదది. బయటి రక్తం. మొదటి సంవత్సరం పిల్లవాడు కూడా చెప్తాడు. నేనే రాసినాను, నేనే చూడలేదు. చూడకూడదన్న కట్టుబాటు కదా మాది. ఆ కట్టుబాటు ఎందుకు పుట్టిందో ఇప్పుడు అనుమానం వస్తోంది. మర్యాదకా, ఇందుకేనా?

నాయన నన్ను రోడ్డు మీద నిలబెట్టి అబద్ధం చెప్పినాడు. బావ సజ్జ మెడకు తాడు వేస్తా చెప్పినాడు. ఇద్దరూ నా మొహం చూడకుండానే చెప్పినారు.

జూన్ 18

నమోదువాళ్లు వచ్చినారు. ఒకామె, ఒకాయన, కొలతల టేపు. వస్తున్నామని ఫోను చేసినప్పుడు వద్దని చెప్పాలనుకున్నాను. రెండుసార్లు వాన అని వాయిదా వేయించినాను కూడా. ఒక్క చినుకు పడలేదు తిరుపతిలో.

పిల్లను చూసి ఆయన ముచ్చటపడినాడు. "భలే ఉంది మేడమ్" అన్నాడు.

"ఇది మీరనుకునేది కాదు" అన్నాను. తండ్రి బయటిదని, నాకు తెలియకుండా జరిగిందని చెప్పినాను. చెప్పడం ఇంత సులభమని అనుకోలేదు. బావ పేరు చెప్పలేదు, 'మా బంధువు' అన్నాను. ఆ మాటలో ఉన్న చేదు నాకే వినపడింది.

ఆమె సజ్జ ముందు గొంతుకూర్చొని, ముట్టకుండా, చాలాసేపు చూసింది. సజ్జ కూడా ఆమె భుజం మీదినుంచి దూరంగా చూసింది.

"తల్లి మాత్రం అసలుదే కదా మేడమ్?"

"అవును" అన్నాను.

ఒక్క ఆడదానితో తాము చేయగలిగింది లేదని, మగది ఎక్కడైనా దొరికితే చెప్పమని, మర్యాదగా కాఫీ తాగి పోయినారు. సజ్జ ఫోటోలు తీసుకున్నారు. 'కోన జాగిలం, బహుశా చివరిది' అని దాని కింద రాస్తారంట.

అవును అని ఎట్లా అన్నాను? బావ చేసింది మోసమని చెప్పినాను. నాయన చేసింది చెప్పలేదు. తెలియదు కాబట్టి చెప్పలేదని రాసుకోవచ్చు ఇక్కడ. ఎవరూ చదవరు కాబట్టి నిజమే రాస్తాను. తెలుసు. చెప్పలేదు.

జూన్ 27

అక్క ఫోను. మగపిల్లలు మూడూ బాగున్నాయంట. బావ వాటికి పేర్లు పెట్టకుండా 'రేయ్' అనే పిలుస్తున్నాడంట. "నువ్వు మాట్లాడేదాకా పెట్టడంట. ఇద్దరూ ఇద్దరే" అనింది. మాట్లాడతానని చెప్పలేదు, మాట్లాడనని కూడా చెప్పలేదు.

జూలై 6, ఆదివారం

చేయకూడని పని చేసినాను.

పెరట్లో పిల్ల బంతితో ఆడుతోంది. చెవులు అట్లనే వేలాడుతున్నాయి, ఇంక పడవు. నేను 'ఏయ్' అని పిలిస్తే పరిగెత్తి వస్తుంది. రెండోసారి పిలిచినా వస్తుంది. పదోసారి పిలిచినా వస్తుంది. బంతి తీసుకొని, విసిరినట్టు చెయ్యి ఊపి, వీపు వెనక దాచినాను.

ఉరికింది. గోడదాకా పోయి, పూలకుండీల వెనక వెతికి, తిరిగి వచ్చింది. తోక ఊపింది. మళ్లా ఊపినాను చెయ్యి. మళ్లా ఉరికింది. మళ్లా. ఎన్నిసార్లో. ప్రతిసారీ అదే నమ్మకం, అదే సంతోషం. గంగులమ్మ గోడ మీదినుంచి చూసి, "ఎందుకమ్మా బిడ్డను అట్ల ఏడిపిస్తావు, ఏసేయరాదా?" అనింది. వేసినాను. పిల్ల బంతిని తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది, ఇంతసేపూ ఏమీ జరగనట్టు.

వెనక్కి తిరిగితే మెట్ల మీద సజ్జ ఉంది. ఎప్పటినుంచి ఉందో. చూపు మీద బతికే కుక్క.

"సజ్జా" అని పిలిచి, బంతి దానివైపు దొర్లించినాను. నిజంగానే దొర్లించినాను. బంతి పోయి ముందుకాలికి తగిలి ఆగింది. సజ్జ నా చేతివైపు చూడలేదు. మెల్లగా లేచి నీడలోకి పోయి, గోడవైపు తిరిగి పడుకునింది.

ఎండ కావచ్చు. వయసు కూడా కావచ్చు. సంగటి రేపు నా చేతినుంచి తింటుందో లేదో చూడాలి. చూడాలంటే భయంగా ఉంది.

ఎన్నిసార్లు మోసం చేసినా తిరిగి వచ్చే ఈ పిల్లది జాతి చెడిన గుణమా, మా ఇంట్లో కుక్కలకూ మనుషులకూ ఇన్ని తరాలుగా లేని మంచి గుణమా? నాకు తెలియడం లేదు. నాయనను అడగకుండానే విడిచిపెట్టి, బావను మాత్రం పట్టుకొని ఉండటం న్యాయమా కాదా, అదీ తెలియడం లేదు.

పిల్ల బంతిని మళ్లా నా కాళ్ల దగ్గరికి తెచ్చి పెట్టింది. వరిగ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిలవలేదు. పిలవాలా వద్దా, ఇంకా తేల్చుకోలేదు.